నామముద్ర నుంచి వ్యక్తిగత బ్రాండ్ దాకా: ఒంటరి ఆరంభకుల గుర్తింపు - ఆసిఫాబాద్ ప్రాంత పరిశీలన

వ్యాససంగ్రహం:

‘వ్యక్తిగత బ్రాండ్’ అన్న భావన వాణిజ్య నిర్వహణ రంగం నుంచి మన వాడుకలోకి వచ్చింది. అయితే చేసిన పనికి చేసినవారి గుర్తును ముడివేయడం తెలుగువారికి కొత్త కాదు. శతక మకుటాలు, పదకర్తల ముద్రలు శతాబ్దాలుగా ఆ పని చేస్తూ వచ్చాయి. సంస్థ అండగాని, పెట్టుబడిగాని లేకుండా ఒక్కరే పని మొదలుపెట్టేవారికి సొంత పేరు ఎలా ఏర్పడుతుంది, ఆ పేరుకు సామూహిక వారసత్వంతో ఉండే సంబంధం ఏమిటి అన్న ప్రశ్నలను ఆసిఫాబాద్, పూర్వపు కరీంనగర్ ప్రాంతాల ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. వ్యక్తిగత బ్రాండ్ ప్రధానంగా ప్రచారం కాదనీ, పనికి జవాబుదారీ వహించే సంతకమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నామముద్ర, మకుటం, వ్యక్తిగత బ్రాండ్, పరపతి, ఆదిలాబాద్ డోక్రా, గుస్సాడీ, భౌగోళిక సూచిక, ట్రేడ్‌మార్క్.

1. ఉపోద్ఘాతం:

ఒక ఊహతో చర్చను ప్రారంభించవచ్చు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక ఓజా కుటుంబానికి చెందిన యువతి డిగ్రీ పూర్తిచేసింది. తండ్రి దగ్గర ఇత్తడి పోతపని నేర్చుకుంది. ఇంతకాలం ఆ ఇంట్లో తయారైన వస్తువులు మధ్యవర్తుల చేతుల మీదుగా పట్టణాలకు చేరేవి. ఇప్పుడు వాటిని తానే అమ్మాలని ఆమె సంకల్పం. చేతిలో పెట్టుబడి లేదు. వెనుక సంస్థ లేదు. ఉన్నవల్లా వచ్చిన పని, ఒక ఫోను. మొదటి వస్తువును పెట్టెలో సర్దేటప్పుడు ఆమెకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. చీటీ మీద ఏ పేరు రాయాలి? తన పేరా, తండ్రి పేరా, ఊరి పేరా, ‘ఆదిలాబాద్ డోక్రా’ అన్న పేరా?

పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నలో పెద్ద చిక్కు ఉంది. తన పేరు రాస్తే కొనేవారికి అది తెలియని పేరు. డోక్రా అని మాత్రమే రాస్తే తాను అందులో కనిపించదు. తండ్రి, తాత, వారి కులపెద్దలు తరతరాలుగా నిలిపిన విద్యను తన ఒక్కదాని పేరు కిందికి తేవడం న్యాయమా అన్న సంకోచం కూడా ఉంటుంది. వ్యక్తిగత బ్రాండ్ గురించి వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం ‘మిమ్మల్ని మీరు చాటుకోండి’ అని చెప్పి ఊరుకుంటాయి. ఈ సంకోచాన్ని అవి పట్టించుకోవు. ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలవుతుంది.

2. భావన - పరిభాష:

ఆంగ్లంలో ‘బ్రాండ్’ అన్న మాటకు మూలార్థం కాల్చడం, నిప్పు. కాల్చిన ఇనుముతో పశువులకు వేసే గుర్తు నుంచి అది సరుకు మీది గుర్తుగా, తరువాత ఆ సరుకుపై కొనేవారికి కలిగే నమ్మకంగా అర్థవిస్తృతి పొందింది. ఈ భావనను వ్యక్తులకు అన్వయించి ప్రచారంలోకి తెచ్చిన రచనగా 1997 ఆగస్టులో ‘ఫాస్ట్ కంపెనీ’ పత్రికలో టామ్ పీటర్స్ రాసిన వ్యాసాన్ని పేర్కొంటారు. ఉద్యోగి తనను తాను ఒక సంస్థగా భావించుకొని తన ప్రత్యేకతను నిర్వచించుకోవాలన్నది అందులోని సారాంశం. అంతకు నాలుగు దశాబ్దాల ముందే సామాజికశాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్మన్ నిత్యజీవితంలో మనిషి తనను ఇతరుల ముందు ప్రదర్శించుకునే తీరును రంగస్థల పరిభాషలో విశ్లేషించాడు. పీటర్స్ దృష్టి విపణి మీద, గోఫ్మన్ దృష్టి ప్రవర్తన మీద ఉన్నాయి.

తెలుగులో ఈ భావనకు దగ్గరగా ఉన్న మాట ‘పరపతి’. ఈ ఒక్క మాటకు సంఘంలో ఉన్న పలుకుబడి అన్న అర్థమూ ఉంది, అప్పు పుట్టే యోగ్యత అన్న అర్థమూ ఉంది. అందుకే రుణాలిచ్చే సహకార సంఘాన్ని ‘పరపతి సంఘం’ అంటున్నాం. ఊళ్లో మాట నిలుపుకున్నవాడికి తాకట్టు లేకుండా అప్పు పుడుతుంది. అతని పేరే తాకట్టు. వ్యక్తిగత బ్రాండ్ సారం కూడా ఇదే. ముఖపరిచయం లేనివారు సైతం ముందుగా డబ్బు చెల్లించి వస్తువు కోసం ఎదురుచూడగలిగేంత నమ్మకాన్ని ఒక పేరు మోయడమే వ్యక్తిగత బ్రాండ్. పరపతి ఒక్కరోజులో రాదని, ఒక్కరోజులో పోగలదని గ్రామీణులకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

3. తెలుగు సంప్రదాయంలో నామముద్ర:

కృతికర్త గుర్తును కృతిలోనే ఇమిడ్చే పద్ధతి మన సాహిత్యంలో బలంగా ఉంది. స్థూలంగా దాన్ని మూడు విధాలుగా పరిశీలించవచ్చు.

మొదటిది, కవి తన పేరునే ముద్రగా వాడటం. వేమన పద్యాల మకుటం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. త్యాగరాజు కీర్తనల్లో చివరి చరణంలో వచ్చే సొంత పేరు కూడా ఈ కోవలోదే. రెండవది, స్థలాన్ని ముద్రగా చేసుకోవడం. గోదావరీ తీరంలోని ధర్మపురికి చెందిన శేషప్ప కవి నరసింహ శతక మకుటంలో కవి పేరు లేదు, ధర్మపురి పేరు ఉంది. క్షేత్రయ్య పదాల ముద్రలోని మువ్వ కూడా ఊరి పేరేనని సంప్రదాయం చెబుతుంది. మూడవది, ఇష్టదైవాన్ని ముద్రగా నిలపడం. అన్నమయ్య సంకీర్తనల్లో వేంకటేశ్వరుని నామం అలాంటిది. ఒకే ముద్రలో ఈ మూడింటిలో రెండు కలిసి ఉండటమూ కద్దు.

ఈ వర్గీకరణ నేటి ఆరంభకునికి రెండు విషయాలు బోధిస్తుంది. ఒకటి, ముద్రకు బలం పునరుక్తి వల్ల వస్తుంది. మకుటం ఒక పద్యంలో వస్తే అది పాదం మాత్రమే. నూరు పద్యాల్లో ఒకే చోట, ఒకే రూపంలో వస్తేనే అది మకుటం. రెండు, ముద్రను కాపాడే ఏర్పాటు లేకపోతే అది ఎవరికైనా అందుబాటులోకి వస్తుంది. వేమన మకుటం ఎంత సులభంగా నోటికి వస్తుందో, దాన్ని తగిలించి కొత్త పద్యం చెప్పడమూ అంతే సులభం. సి.పి.బ్రౌన్ వ్రాతప్రతులు సేకరించి 1829లో ఒకసారి, 1839లో మరింత విస్తృతంగా వేమన పద్యాలను ప్రచురించాడు. వాటిలో వేమన చెప్పినవేవి, వేమన పేరు మీద ఇతరులు చెప్పినవేవి అన్న ప్రశ్న ఆనాటి నుంచి పరిశోధకులను వెంటాడుతూనే ఉంది. లోకప్రియత్వం ముద్రను నలుదిక్కులా వ్యాపింపజేసింది. కర్తృత్వాన్ని మాత్రం మసకబరిచింది. నేటి భాషలో చెప్పాలంటే ఇది నకిలీ సరుకు సమస్య.

4. ముఖం దాచే కళ నుంచి వెలువడిన పేరు - గుస్సాడీ కనకరాజు:

వ్యక్తి పేరు, సామూహిక కళ ఒకదానికొకటి విరుద్ధమన్న అభిప్రాయం ఉంది. ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మర్లవాయి తగిన స్థలం. కుమురం భీం పోరాటానంతరం గోండుల స్థితిగతులను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940 దశకంలో నివసించిన గ్రామమిది. గుస్సాడీ నర్తకుడిగా పేరొందిన కనకరాజు ఈ ఊరివారు.

గుస్సాడీ దీపావళి సమయంలో గోండులు జరుపుకునే దండారీలో భాగం. నెమలి ఈకల పెద్ద కిరీటం, ఒంటికి పూసిన బూడిద, భుజాన మృగచర్మం, చేతిలో దండం ధరించిన గుస్సాడీని దైవస్వరూపంగా భావిస్తారు. ఆ కాలమంతా ఆ వేషధారి నియమాలు పాటిస్తాడు. అంటే ఈ కళలో వ్యక్తి తన రోజువారీ గుర్తింపును వదులుకుంటాడు. చూసేవారికి కనిపించేది ఫలానా ఇంటి ఫలానా మనిషి కాదు, గుస్సాడీ మాత్రమే. ఇలాంటి కళ నుంచి ఒక వ్యక్తి పేరు దేశవ్యాప్తంగా వినిపించడం మొదటి చూపులో వైరుధ్యంగా తోస్తుంది.

కనకరాజు బృందాన్ని వెంటబెట్టుకొని ఊరి పొలిమేరలు దాటి అనేక వేదికల మీద ఈ నృత్యాన్ని ప్రదర్శించారు, యువకులకు నేర్పారు. 2021లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024 అక్టోబర్‌లో ఆయన మరణించారు. జనం ఆయనను పిలిచిన తీరు ఇక్కడ గమనార్హం. ‘గుస్సాడీ కనకరాజు’, ‘గుస్సాడీ రాజు’ అన్న వ్యవహారంలో కళ పేరు ఇంటిపేరులా ముందు నిలిచింది. వ్యక్తి పేరు కళను వెనక్కి నెట్టలేదు. ఆ కళకు చిరునామా అయింది. గుస్సాడీ గురించి తెలుసుకోదలచిన బయటివారికి ఎవరిని అడగాలో తెలిసింది. నేర్చుకోదలచిన పిల్లలకు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసింది. సామూహిక కళలో వ్యక్తిగత పేరుకు న్యాయమైన స్థానం ఇదేనని చెప్పవచ్చు. ఆ పేరు యాజమాన్యాన్ని సూచించదు, బాధ్యతను సూచిస్తుంది.

5. పేరులేని చేతులు - ఓజాల డోక్రా, చట్టం:

ఇదే జిల్లాలోని ఉషేగావ్, కేస్లాగూడ వంటి గ్రామాల్లో ఓజాలు మైనపు అచ్చు పద్ధతిలో ఇత్తడి వస్తువులు పోస్తారు. ముందుగా మట్టితో లోపలి ఆకారాన్ని చేసి ఆరబెడతారు. మైనాన్ని సన్నని తీగలుగా తీసి దాని మీద చుట్టి, అల్లి, నగిషీ తెస్తారు. దాని మీద మళ్లీ మట్టి పూత వేస్తారు. కాల్చినప్పుడు మైనం కరిగిపోతుంది. అది విడిచిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారిన తరువాత పై మట్టిని పగలగొట్టి వస్తువును తీస్తారు. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఒకే అచ్చులో రెండో వస్తువు రాదు. ప్రతి వస్తువూ ఏకైకమే. మైనపు తీగ చుట్టిన తీరులో చేసినవారి చేతివాటం ఉండిపోతుంది. సాటి పనివాడు చూస్తే గుర్తుపట్టగలిగే సంతకమది. కొనేవారికి మాత్రం అది చదవరాని లిపి. గోండుల, కొలాముల పూజావస్తువులుగా ఊళ్లోనే చెలామణి అయినంతకాలం చేసినవారెవరో అందరికీ తెలుసు కాబట్టి పేరు అవసరం రాలేదు. వస్తువు ఊరు దాటినప్పుడు ఆ ఎరుక వెంట రాలేదు.

2018లో ‘ఆదిలాబాద్ డోక్రా’కు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనతో ఈ గ్రామాలు కొత్త జిల్లాలోకి వచ్చినా పని పేరులో ఆదిలాబాదే నిలిచింది. పరిపాలనా సరిహద్దుల కన్నా పేరుకు ఆయుష్షు ఎక్కువనడానికి ఇది నిదర్శనం. ఈ గుర్తింపు ఏమిస్తుంది, ఏమివ్వదు అన్న విషయాన్ని ఒంటరి ఆరంభకులు స్పష్టంగా తెలుసుకోవాలి.

భౌగోళిక సూచికల చట్టం 1999లో ఆమోదం పొంది 2003 సెప్టెంబర్ 15 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం సూచిక ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఉత్పత్తిదారుల సమూహం తరఫున నమోదవుతుంది. దాన్ని అమ్మడానికి, బదిలీ చేయడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. అయితే ఆ వస్తువును తయారుచేసే వ్యక్తి అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావచ్చు. సమూహంలో వ్యక్తికి చట్టం తెరిచిన తలుపు ఇది. అధీకృత వినియోగదారు నమోదు లేకపోతే నకిలీలపై ఆ వ్యక్తి స్వయంగా చర్యకు పూనుకోవడం కష్టం.

ట్రేడ్‌మార్క్ దీనికి భిన్నం. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం దృష్టిలో ఒకరి సరుకును లేదా సేవను ఇతరుల వాటి నుంచి వేరుగా గుర్తింపజేసేదే ట్రేడ్‌మార్క్. వ్యక్తి పేరు, సంతకం, బొమ్మ ఏదైనా కావచ్చు. నమోదు పదేళ్లు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవచ్చు. 2017 నాటి నియమాల ప్రకారం వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో సరుకు తరగతికి రుసుము 4,500 రూపాయలు. పెద్ద సంస్థలకు ఇది 9,000 రూపాయలు. కేవలం ఉత్పత్తి స్థలాన్నో సరుకు రకాన్నో తెలిపే మాటలను మాత్రమే ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వరు. భౌగోళిక సూచికను ఒకరి సొంత ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయడానికి కూడా చట్టం అడ్డుపడుతుంది. కాబట్టి మన ఊహలోని యువతి ‘ఆదిలాబాద్ డోక్రా’ అన్న పేరును తన ఒక్కదానిదిగా చేసుకోలేదు. చేసుకోవలసిన అవసరమూ లేదు. ఆమె సొంత గుర్తు దాని పక్కన నిలవాలి.

6. ఒంటరి ఆరంభం నిజంగా ఒంటరిదేనా? - లంబాడిపల్లి ఉదాహరణ:

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని, నేటి జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి నుంచి 2012లో శ్రీరాం శ్రీకాంత్ ‘మై విలేజ్ షో’ అన్న యూట్యూబ్ చానల్‌ను ప్రారంభించారు. వ్యవసాయ కూలీగా బతికిన మిల్కూరి గంగవ్వ అందులో నటించి తెలుగువారున్న ప్రతిచోటా పరిచితురాలయ్యారు. 2020లో ‘బిగ్ బాస్’ తెలుగు నాలుగో విడతలో పాల్గొన్నారు.

గంగవ్వను ఒంటరిగా ఎదిగిన వ్యక్తిగత బ్రాండ్‌గా చూపడం పరిపాటి. అది సగమే నిజం. ఆమె మాట, యాస, చమత్కారం, వయసు తెచ్చిన ధైర్యం ఆమెవే. వాటిని ఎవరూ తయారుచేయలేదు. వాటిని చట్రంలోకి తెచ్చిన కెమెరా, కథ, కూర్పు ఊరి యువకుల బృందానివి. వెనుక పొలాలు, వాకిళ్లు, పండుగలు ఊరివి. ఒంటరి ఆరంభకుడు వేతనం ఇచ్చే సిబ్బంది లేకుండా మొదలుపెడతాడే గాని మనుషులు లేకుండా మొదలుపెట్టడు.

ఈ ఉదాహరణ చెప్పే మరో విషయం భాషకు సంబంధించినది. ఉత్తర తెలంగాణ మాటను ప్రసార మాధ్యమాలు దీర్ఘకాలం హాస్యానికో, అనుచర పాత్రలకో పరిమితం చేశాయి. గంగవ్వ ఆ మాటను మార్చుకోకుండానే ఆదరణ పొందారు. బయటివారు మెచ్చేలా గొంతు మార్చుకొని మొదలుపెట్టినవారు ఆ మారుగొంతునే కడదాకా మోయాలి. నిలకడ బ్రాండ్‌కు ప్రాణం కాబట్టి, ఎక్కువకాలం శ్రమ లేకుండా నిలుపుకోగలిగేది ఎవరి సహజస్వరం వారిదే.

7. ఆరంభకుల కార్యక్రమం:

పై పరిశీలన నుంచి ఒంటరిగా మొదలుపెట్టేవారికి, వారికి మార్గదర్శనం చేసే అధ్యాపకులకు ఉపకరించే క్రమాన్ని ఇలా రూపొందించవచ్చు.

7.1 ఒక్క వాక్యంలో వాగ్దానం: తాను ఏమి చేస్తున్నదీ ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. సిరిసిల్ల నేతకారుడు నల్ల విజయ్ పేరు వినగానే అగ్గిపెట్టెలో పట్టే చీర గుర్తుకు వస్తుంది. ఆ ఒక్క మాటలో నైపుణ్యం, ఊరు, మనిషి మూడూ ఇమిడి ఉన్నాయి. ఆరంభంలో పది రకాల పనులు చూపేవారి కన్నా ఒక పనిని లోతుగా చూపేవారు త్వరగా గుర్తుంటారు.

7.2 పేరుకు స్థిరరూపం: పేరును ఒకచోట ఇంటిపేరుతో, మరొకచోట పొడి అక్షరాలతో, ఇంకొకచోట వేరే వర్ణక్రమంతో రాయడం మన అలవాటు. గ్రంథాలయ సూచీలో ఒకే రచయిత ముగ్గురుగా కనిపించడం పరిశోధకులకు అనుభవమే. 2012లో మొదలైన ఆర్కిడ్ వంటి పరిశోధక గుర్తింపు సంఖ్యలు ఈ చిక్కును తీర్చడానికే వచ్చాయి. చేతివృత్తి అయినా పరిశోధన అయినా, మకుటంలాగా ఒకే రూపం అన్నిచోట్లా పునరుక్తం కావాలి.

7.3 పనిని నమోదు చేయడం: వస్తువు చిత్రం, చేసిన తేదీ, చేసినవారి పేరు, వాడిన పదార్థం, పట్టిన రోజులు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. అచ్చు పగిలిపోయే కళలో ఈ పుస్తకమే మిగిలే ఆధారం. ఏడాది గడిచాక అది అమ్మకాలకు సాక్ష్యం, వివాదాల్లో రుజువు, రేపటి పరిశోధకునికి ఆకరం.

7.4 వారసత్వాన్ని పేర్కొనడం: ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పడం వినయం మాత్రమే కాదు. అది ప్రామాణికతకు గుర్తు. గురువు పేరు, ఊరి పేరు దాచినవారు తమ పేరుకు ఆధారాన్ని తామే తొలగించుకుంటారు. పవిత్రవస్తువులు, ఆచారాల విషయంలో ఏది బయటికి చూపవచ్చో, ఏది చూపకూడదో సమూహాన్ని అడిగి తెలుసుకోవాలి.

7.5 ప్రచారంలో నిజాయితీ: పేరు వచ్చిన తరువాత ఇతరుల సరుకును మెచ్చుకొమ్మని డబ్బు ఇచ్చేవారు వస్తారు. అలా డబ్బు తీసుకొని చేసే ప్రచారాన్ని ప్రేక్షకులకు స్పష్టంగా తెలపాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దీనికి ఆధారం. చట్టం సంగతి అటుంచితే, ఒకసారి దాచి దొరికిపోయిన మనిషి మాటకు పరపతి ఉండదు.

7.6 చట్టరక్షణ: మొదటిరోజే ట్రేడ్‌మార్క్ తీసుకోనవసరం లేదు. పేరు మీద కొనుగోళ్లు మొదలైన తరువాత, అదే పేరు ఇతరులు వాడుతున్నారేమో వెతికి చూసుకొని దరఖాస్తు చేయడం మేలు. భౌగోళిక సూచిక ఉన్న వృత్తివారు అధీకృత వినియోగదారు నమోదును దానికన్నా ముందే పూర్తిచేసుకోవాలి.

ఈ క్రమంలో ప్రచారం చివరి మెట్లలో ఉండటం యాదృచ్ఛికం కాదు. చెప్పుకోవడానికి పని, చూపడానికి నమోదు, నిలవడానికి వాగ్దానం ఉన్న తరువాత చేసే ప్రచారం పేరును పెంచుతుంది. అవి లేకుండా చేసే ప్రచారం లోపాన్నే నలుగురికీ చూపుతుంది.

8. ముగింపు:

వ్యక్తిగత బ్రాండ్‌పై రెండు విమర్శలు తరచూ వినిపిస్తాయి. అది మనిషిని సరుకుగా మారుస్తుందన్నది ఒకటి. సమూహపు సంపదను వ్యక్తి ఖాతాలో వేస్తుందన్నది మరొకటి. రెండూ కొట్టిపారేయదగినవి కావు. అయితే పేరు లేకపోవడం కూడా నిర్దోషమైన స్థితి కాదు. పేరులేని వస్తువు బాగుంటే మెప్పు విక్రయశాలకు పోతుంది. బాగుండకపోతే నింద మొత్తం వృత్తికి చుట్టుకుంటుంది. చేసినవారికి మెప్పూ అందదు, దిద్దుకునే అవకాశమూ అందదు.

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆ యువతి చీటీ మీద రెండు పేర్లు రాయవచ్చు. ‘ఆదిలాబాద్ డోక్రా’ అన్నది ఈ విద్య ఎక్కడిదో చెబుతుంది. ఆమె పేరు ఈ వస్తువుకు ఎవరు జవాబుదారీయో చెబుతుంది. మొదటిది ఆమెకు వారసత్వంగా వచ్చిన పరపతి, రెండవది ఆమె సంపాదించుకోవలసినది. తండ్రి పేరు, ఊరి పేరు ఆమె నమోదు పుస్తకంలో ప్రతి పుటలోనూ ఉండాలి. శేషప్ప ఊరిని మకుటంలో నిలిపాడు, వేమన తన పేరును నిలిపాడు. నేటి ఒంటరి ఆరంభకులకు రెండూ అవసరమే.

విశ్వవిద్యాలయాల్లో చేతివృత్తులపై జరిగే పరిశోధనలు కూడా ఈ విషయంలో తమ వంతు చేయగలవు. వస్తువుల ఛాయాచిత్రాల కింద ‘డోక్రా కళాఖండం, ఆసిఫాబాద్’ అని రాసి ఊరుకోకుండా, చేసినవారి అనుమతితో వారి పేరును, ఊరిని, చేసిన సంవత్సరాన్ని పేర్కొనడం ఖర్చులేని పని. ఒక చేతికి ఒక పేరు దక్కడానికి అది తొలి ఆధారం కాగలదు.